ముత్యానికి పులుపు పడదు

ఆస్పత్రిలో డ్యూటీ దిగి వచ్చిన అక్క చెప్పులైనా విప్పకుండా వంటింటి స్టూలు మీద కూలబడింది. నాలుగు రోజులుండి పోతానని పొద్దున్నే వచ్చిన చెల్లెలు నిమ్మకాయలు పిండుతోంది.

“అలా తొక్కదాకా నలపకే, చేదెక్కుతుంది.”

“చేదు నాకు అలవాటేలే అక్కా.”

“చాల్లే నీ డైలాగులు. కాళ్ళు పీకేస్తున్నాయి, త్వరగా ఆ నీళ్ళేవో నా మొహాన పొయ్యి.”

“ఉప్పా, పంచదారా?”

“రెండూ వెయ్యి. అన్నట్టు, ఉంగరం తీశావా? పులుపు తగిలితే ముత్యం మెరుపు పోతుందే. మీ ఆయన ఏరికోరి కొన్నాడు.”

“తీసేశానక్కా.”

“సింకు గట్టు మీద పెట్టలేదు కదా? నీకసలే మతిమరుపు. జారి గొట్టంలో పడిందంటే ఇల్లంతా తవ్వించాలి.”

“సింకు దగ్గర లేదు.”

“మరెక్కడ పెట్టావ్?”

“అక్కడే. ఆయన బీరువాలో.”

“అదేంటే, మరిచిపోయి వచ్చావా?”

“మరిచిపోలేదు.”

గ్లాసులో చెంచా తిరిగి తిరిగి ఆగింది. చెల్లెలి వేలి చుట్టూ తెల్లగా మిగిలిన గీత అక్క కంటపడింది. ఏదో అడగబోయింది. అడగడానికీ ఓపిక ఉండాలి కదా. గ్లాసందుకుని గటగటా తాగేసింది.

“ఉప్పెక్కువైందా అక్కా?”

“కషాయంలా ఉంది. రేపైనా సరిగ్గా చేసి చావు.”

“ఎల్లుండి?”

“ఎల్లుండీ నువ్వే. రోజూ నువ్వే. నిమ్మకాయలు నేను తెస్తాలే.”