సారమ్మ తినని టమాట

గీ టమాటలు గావు బిడ్డా, గివి గానే గావు! జర చేతిల పట్టుకొని చూడు. గిదొక చెట్టుది, గోలీ అంత ఉన్నది. గిది దాని పక్క చెట్టుది, వంకాయ లెక్క సాగింది. గీ మూడోదేమో పండకముందే పగిలింది. ఆరు చెట్లు పెడితె ఆరు తీర్ల కాసినయ్. నేను పెట్టినయన్ని ఒక్కటంటె ఒక్క పండు గింజలు!

ఏందీ? ఇంటికాడ దాచిన గింజలకు నువ్వేం జేస్తవంటవా? నిజమే. గని ఆ పండు కాసిన చెట్టు నీ నర్సరీలదే గద. నిరుడు దసర పోయినంక నీ దగ్గర్నే నారు కొన్నది మా సారమ్మ.

హైబ్రిడా? అయితే ఏంది? ఓహో... దాని గింజ పోస్తె తల్లి లెక్క రాదా? ఒక్కో మొక్క ఒక్కో తీరు పోతదా? గదేం ఇచ్చంత్రం! జొన్న పోస్తె జొన్నే మొలుస్తది గద బిడ్డా. సరే తీ, నీకెరుక. నాకేమెరుక? ముప్పై ఏండ్లు లారీ తోలిన. నాగపూర్ రోడ్డు మీద ఏ మలుపు యాడున్నదో కండ్లు మూసుకొని చెప్త. చెట్ల ముచ్చట తెల్వదు.

అయితె అదే నారు ఇయ్యి. నిరుటిదే, గుండ్రంగ గట్టిగుండేదే.

ఆ రకం ఈసారి రాలేదా? కంపెనీవోళ్ళే బందు జేసిన్రా? అరె... అరెరె.

జర కూసుంట బిడ్డా, గా బల్ల మీద.

మా సారమ్మ నీకు యాదికి ఉండదు. ఉన్నదా? ఎడమ చేతికి తెల్లపట్టీతోని వచ్చేది... ఆఁ, గామెనే! ప్రతి నారు కాడ వంగి, ఇది పుల్లగుంటదా, తియ్యగుంటదా, తోలు మందమా, పలుచనా అని నిన్ను పరేషాన్ జేసేది గద? గామెనే బిడ్డా.

పోయింది. మార్చిల.

అయ్యో, నువ్వు ఏడుస్తవేంది? ఊకో. నీకెట్ల తెలుస్తది?

ఆ పట్టీ డయాలసిస్‌ది. రెండు కిడ్నీలు ఖరాబైనయ్. వారానికి మూడుసార్లు జనగామ దవాఖానకు పోయేది. పోయిన దినమల్ల నాలుగు గంటలు మంచం మీద పండుకొని, వచ్చేటప్పుడు గీ రఘునాథపల్లిల బస్సు దిగి, నడవ చాతగాకున్న నీ నర్సరీకి వచ్చేది. నేను రోడ్డు మీదనే నిలబడి బీడీ తాగుకుంట తిట్టేది. రావే తొందరగ, ఆటో పోతది అని.

ఎందుకు తిడుతుంటినో చెప్త విను. ఆమె టమాట తినద్దు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. టమాట వద్దు, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు. దాంట్ల పొటాషియమో ఏందో ఉంటదట. అది రక్తంల ఎక్కువైతె నిలుచున్న మనిషికి నిలుచున్నట్టె గుండె ఆగుతదట. నేను గా మాట చెవులతోని విన్న. విన్నప్పటిసంది నాకు టమాట కనబడితె పాము కనబడ్డట్టే.

ఆమెకేమో టమాట లేకుంట ముద్ద దిగది. పచ్చి టమాటల తొక్కు నూరితె రెండు దినాలు కూర అడగకపోయేది. అసోంటి మనిషి! తిననోళ్ళకు నారెందుకే అంటె ఏమన్నదో ఎరికేనా?

"తిననియ్యకుంటె పాయె, పెంచనన్న పెంచనియ్యి."

ఇంటెనుక రెండు మంచాలు పట్టేంత జాగ ఉన్నది. దాంట్ల నాలుగు రకాలు పెట్టింది. గుండ్రంగ గట్టిగుండేది ఒకటి, గుడ్డు తీరు పొడుగుది ఒకటి, గుత్తులు గుత్తులు కాసే చిన్నది ఒకటి. గీ మూడు నీ దగ్గరియే. నాలుగోది నాటుది. అడ్డంగ, మీద మడతలు మడతలుగ ఉంటది. వాళ్ళ అమ్మగారిల్లు ఘనపూర్. ఆ గింజ అక్కడ్నుంచి తెచ్చుకున్నది. ఆమె తల్లి పోయి ఇరవై ఏండ్లాయె, గింజ మాత్రం ఏడాదికేడాది కాపాడుకుంట వచ్చింది.

పొద్దుగాల లేస్తె అక్కడనే. పాత చీర చింపి పీలికలు చేసి కట్టెలకు కట్టేది. పేను పడితె బూడిద చల్లేది. ఆకు ముడత వచ్చిన మొక్కను పక్కదానికి అంటకుంట పీకి దూరంగ పారేసేది. ఒక్క చెయ్యే! పట్టీ చెయ్యికి బరువు తాకద్దు గద.

సంక్రాంతి ముంగట పండ్లు తిరిగినయ్. ఇగ చూడు నా గోస. ఒక్కో పండు కోసి, ఉప్పు చల్లి, పళ్ళెంల పెట్టి నా ముంగట కూసునేది.

"ఎట్లున్నదయ్యా? చెప్పు."

"టమాట లెక్కున్నది."

"గది నాకెరుక లేదా? పులుపా? తీపా? ముందు ఏది తెలుస్తది, ఎనుక ఏది తెలుస్తది?"

నేనేం చెప్తనే బిడ్డా? ఇంటి కూర కన్న ధాబ పప్పు ఎక్కువ తిన్నోణ్ణి. అన్ని ఒక్కతీరే ఉన్నయ్ తియ్యే అని లేచేటోణ్ణి. ఆమె పళ్ళెం పట్టుకొని పక్కింటి షారోన్ కాడికి పోయేది. బడిల పాఠాలు చెప్పే పిల్ల, మంచిగ వివరంగ చెప్పేది. గిది ఉత్త పులుపు పెద్దమ్మా, గిది నోట్లె నీళ్ళు నీళ్ళయితంది, గిది పప్పుల మంచిగుంటది అని. ఆ పిల్ల చెప్తుంటె మా సారమ్మ కండ్లు మూసుకొని గుటక మింగేది.

నేను గోడ మీదికెల్లి చూసిన బిడ్డా, ఒకసారి. చూసి గూడ బుద్ధి రాలే.

వచ్చే ఏడు ఒక్కటే రకం ఉంచుకుంటనన్నది. అన్నిటికి నీళ్ళు మోయ చాతగాదు, ఏది మంచిదో నువ్వే ఎంచు అన్నది. నాతోని ఎంచిపిద్దామని ఎంత తిప్పల పడ్డది!

ఇగ జనవరి ఆఖర్ల ఒకనాడు పెరట్లకు పోతె, ఆమె గా నాటు టమాటను మూతికి ఆనిచ్చుకొని నిలబడ్డది. ఉరికి పోయి చేతి మీద కొట్టిన. పండు కింద పడ్డది.

"తినలేదయ్యా. వాసన చూస్తున్న" అన్నది.

నమ్మలే నేను. పండు తీసి చూస్తె యాడ పంటిగాటు లేదు. అయినా నమ్మలే. కోపం గాదు బిడ్డా, భయం. నేను ఇంట్ల లేనప్పుడు తింటె? ఒక్కతె ఉన్నప్పుడు గుండె ఆగితె? గంతే, వంగి పీకిన. కట్టెలతోని, పీలికలతోని, కాయలతోని అన్ని పీకి కుప్ప పోసిన. ఇరవైమూడు చెట్లు.

ఆమె అక్కడనే కూసోని పచ్చికాయలన్ని ఒక్కొక్కటి తెంపి ఒళ్ళె పోసుకున్నది.

మాపటీలి చూస్తె, మన్నుగడ్డతోని వచ్చిన ఒక్క చెట్టును మళ్ళ బొంద తీసి పెట్టింది. ఎండ తగలకుంట మీద గంప బోర్లేసింది. గది గుండ్రంది, నీ హైబ్రిడ్‌ది. అది ఎట్లనో పట్టుకున్నది. నాటుది పట్టుకోలే. గింజలా? లెవ్వు బిడ్డా. ఉన్నయన్ని ఆ ఏడే పోసింది. నాటుది ఆలస్యంగ పండుతది, అప్పటికి అన్ని దోరకాయలే, మంచిగ మాగినంక గింజ తీద్దామనుకున్నదట. వాళ్ళ అమ్మ కాన్నుంచి వచ్చింది నా చేతుల పోయింది.

మిగిలిన చెట్టు అయిదు కాయలు కాసింది. మార్చిల ఎర్రగైనయ్. అప్పటికి సారమ్మ మంచంల పడ్డది. కాళ్ళు వాచినయ్, ఏది పెట్టినా వాంతి. ఒకనాడు కిటికీలకెల్లి చూసి అన్నది గద...

"ఒక్క ముక్క నాలిక మీద పెట్టయ్యా. మింగ, ఉమ్మేస్త."

"తక్కువైనంక తిందువు తియ్యే" అన్న నేను.

మూడోనాటి పొద్దుగాల దవాఖానకు బయల్దేరినం. బస్టాపుల నా భుజం మీద తల పెట్టింది. బస్సు వచ్చింది, లేవమన్న. లేవలే.

మట్టి చేసి వచ్చినంక, చుట్టాలంత ఎల్లిపోయినంక, పెరట్ల నిలబడి ఒక పండు తెంపుకొని తిన్న. ఉప్పు లేదు, ఏం లేదు. అప్పుడు తెలిసింది బిడ్డా. ముందు నాలిక కొసకు పులుపు తాకుతది. నమిలినకొద్ది సన్నగ తీపి వస్తది, గొంతుకాడ జరసేపు ఆగుతది. తోలు జర మందమే, గని లోపల కండ మంచిగుంటది. గిట్ల చెప్పొస్తది నాకు! ఎవలికి చెప్పాలె?

నాలుగు తిన్న. అయిదోది గింజలకు ఉంచిన. మిరుగు కార్తె పోయి వానలు పడ్డంక పోసిన. గింజలు మొలిచినప్పుడు ఎంత సంబురపడ్డనో. మానుకోటల ఉండే మా బిడ్డ మంజులకు ఫోన్ల చూపెట్టిన. కాసినయ్ చూస్తె ఆరూ ఆరు తీర్లు. నర్సరీకే పోయి అడుగు నాయినా అని ఆమెనే తోలింది.

ఏంది? నా తప్పేం లేదంటవా? డాక్టరే వద్దన్నదంటవా?

అందరు గదే అంటరు బిడ్డా. మంజుల గూడ అంటది, మంచిగ చూసుకున్నవు నాయినా అని. ఎవలికి చెప్పలే, నీకు చెప్తున్న. చెట్లు పీకినప్పుడంటె భయం, నిజమే. గని ఫిబ్రవరి ఆఖర్ల డాక్టరమ్మ నన్ను ఒక్కణ్ణి అవతలికి పిలిచింది. "పెద్దాయనా, ఇగ ఏది తిననీకి ఆశపడితె అది జరంత పెట్టు. ఇగ పత్తెమేం వద్దు" అన్నది.

నాకు సమజైంది. పత్తెం లేదంటె ఏందో గంత తెల్వనోణ్ణి గాదు. నేను టమాట పెడితె, ఇగ బతకదని నేనే ఒప్పుకున్నట్టు గద?

బయటికి వచ్చిన. బల్ల మీద కూసున్న సారమ్మ అడిగింది, ఏమన్నది డాక్టరమ్మ అని.

"మంచిగనే ఉన్నవన్నది. టమాట ఒక్కటి మాత్రం ముట్టద్దన్నది" అని చెప్పిన.

నవ్వి, సరేనన్నది బిడ్డా.