ఒకే గచ్చు మీద రెండు పట్టణాలు

1992 జూన్ ఎనిమిదో తేదీ ఉదయం, ఎగువ పట్టణ పురపాలక కార్యాలయంలో, కిటికీ రెక్క ఏనాడూ సరిగ్గా మూతపడని ప్రణాళికా విభాగపు గదిలో, పటాలు గీసే ఉద్యోగినిగా చేరిన నేడు పదవీ విరమణ చేస్తున్న మన సమన్వయాధికారిణి గారికి అప్పగించిన తొలి పని, పట్టణ పటానికి కొత్త నకలు తీయడం. గీస్తూ గీస్తూ సరిహద్దు దగ్గర ఆమె చేయి ఆగింది. అవతలంతా తెల్ల కాగితమే.

"ఈ కాలువ ఇక్కణ్ణుంచి ఎటు పోతుందండీ?" అని అడిగారు.

"పక్క ఊళ్ళోకి. అత్తారింటికి పంపేసిన పిల్లమ్మా అది, ఇక మనకి సంబంధం లేదు" అన్నారు పెద్ద డ్రాఫ్ట్స్‌మన్.

"పంపేస్తే మాత్రం, వాళ్ళ ఇల్లెక్కడో కూడా కనుక్కోరా అండీ?"

ఆ వారంలోనే ఆమె దిగువ పట్టణ పటం అడిగి తెచ్చి, రెండింటినీ అంచు కలిపి అంటించి గోడకు తగిలించారు. నాటి నుంచి ఆమె మనందరికీ 'అతుకుల మేడమ్'. ఆ పేరు ఎగతాళిగా మొదలై, ఆప్యాయంగా మారి, చివరికి గౌరవంగా స్థిరపడింది.

అంచెలంచెలుగా పదోన్నతులు పొంది, రెండు పట్టణాల ఉమ్మడి ప్రణాళికా సంఘం ఏర్పడినప్పుడు దాని సమన్వయ బాధ్యతను మేడమ్ స్వీకరించారు. ఒకరికి ఆజ్ఞాపించే అధికారం గానీ, మరొకరిని కాదనే అవకాశం గానీ లేని ఆ ఆసనంలో, వినడమే వారి విధానమైంది. ఎవరి మాటనూ మధ్యలో తుంచరు; ఎవరి కోపాన్నీ ఇంటికి మోసుకుపోరు.

వారికి నిజమైన పరీక్ష వరద కాలువ రూపంలో వచ్చింది. ఏటా వానలకు మునిగే సరిహద్దు వీధిని కాపాడాలంటే రెండు పట్టణాల కాలువలూ కలవాలి. కానీ రెండు ఊళ్ళ ఎత్తుల పట్టికల ప్రకారం ఎగువ కాలువ చివరి నుంచి దిగువ కాలువ మొదటికి చేరడానికి నీరు రెండున్నర అడుగులు పైకి ఎక్కాలి! మీరంటే మీరే మోసం చేస్తున్నారని రెండు పట్టణాల ఇంజనీర్లిద్దరూ కలబడ్డారు. ఆ వారంలో తేలకపోతే సంఘం నుంచి తప్పుకుని ఎవరి కాలువ వారే తవ్వుకుంటామని ఇరు పురపాలక ఛైర్మన్లు తెగేసి చెప్పారు. అదే జరిగితే రెండు కాలువల నీరూ ఆ వీధిలోనే నిలుస్తుంది.

మేడమ్ ఆఖరి సమావేశాన్ని ఆ వీధిలోని ఒక పెద్దావిడ ఇంట్లో పెట్టారు. ఆ ఇంటి ముందుగది ఎగువ పట్టణానిది, వంటిల్లు దిగువ పట్టణానిది.

"ముందుగదిలో నీళ్ళొస్తే ఒక ఆఫీసుకీ, వంటింట్లో వస్తే ఇంకో ఆఫీసుకీ పరిగెత్తాలి నాయనా. నడవాలో వస్తే ఎవరితో చెప్పుకోవాలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు" అని పెద్దావిడ చురక అంటించారు.

మేడమ్ నవ్వలేదు. వారు నడవాలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు.

"ముందుగది నేల మట్టం ఎంతండీ?"

"ఆరడుగులు" అన్నారు ఎగువ ఇంజనీరు, పట్టిక చూసి.

"వంటింటిది?"

"తొమ్మిది" అన్నారు దిగువ ఇంజనీరు.

మేడమ్ ముందుగదిలోంచి వంటింట్లోకి తిన్నగా నడిచి వెళ్ళారు. "ఆ మూడడుగుల మెట్టేదో చూపించండి బాబూ, ఎక్కడం మర్చిపోయినట్టున్నాను."

"మా ఇంట్లో మెట్టెక్కడిదమ్మా! ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మం దాకా ఒకటే గచ్చు" అన్నారు పెద్దావిడ నొచ్చుకుంటూ.

అప్పటికి గాని తెలియలేదు. ఎత్తులు కొలవడానికి ఎగువ పట్టణం రైల్వే ప్లాట్‌ఫాం అంచును సున్నా అనుకుంటే, దిగువ పట్టణం అంతకు మూడడుగులు పల్లంలో ఉన్న వంతెన రాతిని సున్నా అనుకుంటోంది. ఆ తేడా తీసేస్తే, రెండున్నర అడుగులు ఎక్కాల్సిన నీరు నిజానికి అరడుగు దిగుతోంది. ఎవరి ఊళ్ళో వారి లెక్క ఏనాడూ తప్పలేదు, కలిపినప్పుడే తప్పింది.

ఇంజనీర్లిద్దరూ తలలు దించుకోబోతే, "ఆ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి టైపు చేయించింది నేనే. నాకు మాత్రం తట్టిందా ఇన్నాళ్ళూ?" అని వారి బరువును తాను పంచుకున్నారు. ఛైర్మన్లు అక్కడే, వంటింటి గట్టు మీద పెట్టుకుని, కాలువలు కలిపే ఒప్పందంపై సంతకాలు చేశారు. వానలకు ముందే కాలువలు కలిశాయి.

ఆ తరువాత ఉమ్మడి బస్సు మార్గం, ఉమ్మడి మంచినీటి పథకం మేడమ్ చేతుల మీదుగానే సాగినా, వారి మనసు మాత్రం ఆ వీధిని వదలలేదు. "మబ్బు కనిపిస్తే చాలు, మా ఆవిడ నాకు కనిపించదు" అని వారి శ్రీవారు వాపోవడం మనమెరిగినదే. చినుకు పడగానే రెండు కార్యాలయాలకూ ఫోను చేసి, "నీళ్ళు దాటాయా?" అని అడగనిదే వారికి ముద్ద దిగదు.

పోయిన వారం పెద్ద వాన కురిసింది. మేడమ్ ఫోను అందుకునేలోగా అదే మోగింది. ఇంజనీర్లిద్దరూ ఒకే గొడుగు కింద, ఆ వీధిలోంచి మాట్లాడుతున్నారు: "దాటాయండీ. మీరు భోంచెయ్యండి."

ఇకపై ప్రతి వానాకాలంలోనూ ఆ కబురు వారికి అడగకుండానే అందాలనీ, శ్రీవారి పక్కన కూర్చుని వాన చప్పుడును వాన చప్పుడుగానే వింటూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలనీ మనసారా కోరుకుందాం.