మూడో ఏడాది కోసం కుర్చీ వదిలిన మేడమ్‌గారికి

1991 జూలై 8, సోమవారం ఉదయం మా గణిత విభాగంలో ఉపన్యాసకురాలిగా చేరిన నేటి సన్మానితురాలు, హాజరు పుస్తకంలో సంతకమైనా చేయకముందే, గోడమీది టైమ్‌టేబుల్లో ఒకే గదికి ఒకే గంటలో రెండు తరగతులు పడిన సంగతి గుమస్తాగారికి చూపించారు. ఆయన నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

సంభావ్యతా శాస్త్ర బోధనలో రెండు దశాబ్దాలకు పైగా నిరుపమాన కీర్తి గడించి, సొంత డస్టరు చేతిసంచిలో పెట్టుకుని తిరిగినందుకు మా నోట ‘డస్టరమ్మగారు’ అనిపించుకున్న ఆ విదుషీమణి, 2015లో విభాగాధిపతి అయ్యారు. డాక్టరేటు పూర్తయి స్థిరమైన ఉద్యోగం ఇంకా దొరకని యువ గణితవేత్తల కోసం, కృత్రిమ మేధ గణితంలో మూడు పోస్ట్‌డాక్టరల్ పదవులను వారే సాధించారు. అంతటా రెండేళ్లే ఇస్తారని మా సంస్థ డైరెక్టరుగారు అంటే, ఆవిడ ఊరుకోలేదు.

“మొదటి ఏడు అద్దిల్లు వెతుక్కోవడానికే పోతుంది, రెండో ఏడు ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి. మరి లెక్క చేసేదెప్పుడండీ?”

మూడో ఏడు మంజూరైంది. అయితే కాగితం మీద ‘డైరెక్టరు ఆమోదంతో’ అన్న మాట ఒకటి మిగిలిపోయింది.

ఇక్కడితో ఆగి శుభాకాంక్షలు చెప్పమని ఈ పదవీ విరమణ సన్మాన సంచిక సంపాదకవర్గం నాకు సూచించింది. ఆగను.

కొత్తగా చేరిన ప్రతి పరిశోధకుడూ, ప్రతి పరిశోధకురాలూ మొదటి నెలలో మేడమ్‌గారు ప్రచురించిన ఒక నిరూపణను బోర్డుమీద తప్పుపట్టే ప్రయత్నం చేయాలన్నది మా విభాగపు ఆచారం. 2019లో ఒక పరిశోధకురాలు మా సుప్రసిద్ధ సిద్ధాంతాన్ని ఎంచుకుంది. డేటా చూసి నేర్చుకున్న యంత్రం కొత్త ప్రశ్నల్లో ఎంతవరకు పొరబడగలదో ముందే చెప్పే సిద్ధాంతమది, సహరచయితను నేనే.

“మేడమ్, నలభై ఒకటో పేజీ దగ్గర నాకు నడవట్లేదండి. యంత్రం సైజునీ డేటానీ రెండింటినీ అనంతానికి పంపుతున్నారు కదా, ఏది ముందు, ఏది వెనక అన్న వరుస మార్చేశారు. మారిస్తే జవాబు మారిపోతోంది.”

మేడమ్‌గారు బోర్డుమీద రెండు వరుసల్లోనూ లెక్క చేసి చూశారు. “తప్పు నాదేనమ్మా,” అన్నారు. నిజానికి ఆ పేజీ రాసింది నేను. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు, అయినా నేను నోరు విప్పలేదు. మేడమ్‌గారు ‘తప్పు నాదే’ అన్నారని విన్న వారి భర్త, మందుల దుకాణం నడిపే సహృదయులు, “ముప్పై ఏళ్లలో ఆ మాట ఇంట్లో నేనొక్కసారీ వినలేదండీ!” అని వాపోయారు.

నిధుల సమీక్షకు మూడు వారాలే గడువుంది. అది అయ్యాక సవరణ వేద్దామని బతిమాలాను.

“అప్పటిదాకా ఆ అమ్మాయి నోరు కుట్టుకుని కూర్చోవాలా?” అని, అదే రోజు వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. సమీక్షలో నిధులు సగమయ్యాయి. రెండేళ్లు నిండగానే ఆ పరిశోధకురాలిని పంపించేద్దామన్నారు డైరెక్టరుగారు. ఆమె కనిపెట్టిన తప్పుకు ఆమె ఉద్యోగమే మూల్యమన్నమాట!

“ఏరికోరి నెత్తిమీదకి తెచ్చుకున్నారండీ,” అని కూడా అన్నారాయన.

“తెచ్చుకున్నది నేను. తన మూడో ఏడు తనకివ్వండి, నా కుర్చీ మీరు తీసుకోండి,” అన్నారు మేడమ్‌గారు.

అన్నట్టే దిగిపోయారు. ఆ పరిశోధకురాలు మూడో ఏట ఎనిమిదో నెలలో సిద్ధాంతాన్ని సరైన షరతులతో నిరూపించింది. విభాగాధిపతి కుర్చీ నాకు దక్కింది. సిగ్గుపడుతూనే కూర్చున్నాను, ఈనాటికీ ఆ సిగ్గు పోలేదు.

ఇప్పుడు మేడమ్‌గారి పదవీ విరమణతో పాటే మూడో ఏడాదినీ తీసేయాలని గత వారం నా బల్లమీదికి ఫైలు వచ్చింది. “సంచికలో నాలుగు మంచి మాటలు రాసి, ఫైలు మీద ఒక్క సంతకం పెట్టండి,” అన్నారు డైరెక్టరుగారు. మంచి మాటలు రాశాను. సంతకం చేయను. నలభై ఒకటో పేజీ నాడు మింగేసిన మాటను కూడా మీ అందరి ముందూ చెబుతున్నాను: ఆ తప్పు నాది.

మేడమ్, సంపూర్ణ ఆరోగ్యంతో, మీ వారితో వాదించే ఓపికతో, నిండు నూరేళ్లూ చల్లగా ఉండండి. వచ్చే నెల చేరబోయే ముగ్గురు పరిశోధకులకూ నియామక పత్రాలు, డైరెక్టరుగారి ఆమోదానికి ఆగకుండా, నిన్న నేనే పంపించాను. మూడేళ్లకు.