ఒంటరి సాధన

మ్యూజియం తలుపులు తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. జూడో గురువుగా పేరుపడ్డ తాతయ్య జీవితాన్ని చూపించే గదిలోకి, అక్కడి టచ్‌స్క్రీన్ తయారుచేసిన మనవరాలు అమ్మమ్మని ముందుగానే తీసుకొచ్చింది.

"ఇక్కడ నొక్కు అమ్మమ్మా, అదే చదివి వినిపిస్తుంది."

"నాకు కళ్ళున్నాయిలే. 'ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున్నే ఇంట్లో ఒంటరిగా సాధన చేసేవారు.' ఒంటరిగానా? ఎవరు చెప్పారే?"

"తాతయ్యే. పాత ఇంటర్వ్యూలో ఉంది."

"పడెయ్యడానికి ఒక మనిషి ఉండొద్దూ?"

"అంటే... నువ్వా?"

"మరి గోడనా? పాలు పొయ్యి మీద పెట్టి మ్యాట్ మీదికొచ్చేదాన్ని. పొంగేలోపు పదిసార్లు పడేసేవారు."

"దెబ్బలు తగల్లేదా?"

"పడటం ఆయనకంటే నాకే బాగా వచ్చు."

"ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా! ఇప్పుడు మార్చడం కుదురుతుందా?"

"ల్యాప్‌టాప్‌లో రెండు నిమిషాల పని. 'భార్య సాయంతో సాధన చేసేవారు.' బాగుందా?"

"సాయమేంటే, కూరగాయలు తరిగిపెట్టినట్టు?"

"పోనీ, 'భార్యతో కలిసి'?"

"కలిసి వాకింగుకెళ్ళేవాళ్ళం. ఇదలా కాదు. ఆదివారాలు పడేసే వంతు నాది. ఆ రోజే ఆయనకి ఎక్కడలేని నడుంనొప్పీ వచ్చేది."

"అయితే ఏం రాయమంటావు, తల్లీ?"

"ప్రత్యర్థి అని రాయి. కాస్త పెద్దక్షరాల్లో."

"రాశాను. పక్కన పెట్టడానికి ఫొటో ఏమైనా ఉందా?"

"బ్యాగులోనే ఉంది. కింద ఉన్నది ఆయనే, జాగ్రత్తగా చూసి పెట్టు."