జపాను పెట్టె

టాటానగర్ స్టేషన్ దారిలోని రిపేరు కొట్టుకి గమ్హరియా ఫ్యాక్టరీ కార్మికుడొకడు వీడియో గేమ్ పెట్టె పట్టుకొచ్చాడు. అతని నోట తన సొంతూరి తెలుగు యాస వినగానే కొట్టాయనకు హుషారొచ్చింది.

"ఇది జపాను పెట్టె తమ్ముడూ! మన దేశం డిస్కు పెడితే మొహం తిప్పుకుంటాది. సముద్రం దాటొచ్చినా దేశభక్తి దాటలేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నావేటి?"

"అవునన్నా. అమ్మినోడు చెప్పలేదు. లోపలున్న ఆటొక్కటే ఆడతాది."

"రోజూ ఒక్కటే ఆడితే అది ఆట కాదు, డ్యూటీ! ఇటియ్యి, జపాను డిస్కులే ఆడేలా దీనికేసిన తాళం తీసి మన తాళానికి ఆడిత్తాను. కాకపోతే లోపలున్నదంతా చెరిగిపోతాది."

"ముసలమ్మ కూడానా?"

"ఏ ముసలమ్మ?"

"ఆటలో ఉంటాదన్నా. పొలం పని ముగించి ఇంట్లోకెళ్తే చాలు, ఏదో అంటాది. రోజూ అదే మాట. జపాను భాష, నాకేటి తెలుత్తాది?"

కొట్టాయన పెట్టెను టీవీకి తగిలించాడు. ముసలమ్మ మాట్లాడగానే తెర మీది అక్షరాలకు ఫోను చూపించాడు. ఫోను హిందీలో అర్థం చెప్పింది.

"ఏటంటందన్నా? తిడతందా?"

"'వచ్చీసినావా? బయట చలిగా ఉంది, లోపలికి రా' అంటంది."

అతను తెర దగ్గరికి జరిగాడు.

"నీ గదిలో ఇంకెవులుంటారు తమ్ముడూ?"

"ఎవులూ లేరన్నా."

నోటిదాకా వచ్చిన జోకును కొట్టాయన మింగేశాడు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"మరి తాళం తీయమంటావా?"

"వద్దన్నా. ఆవిడకి నాను తిరిగి ఏటనాలో ఆ ఫోన్ని అడుగు."