రాజకుమారి గారు ఒక్కరే చూసిన కొండగొర్రె

1988 ఆగస్టు ఒకటవ తేదీన శ్రీమతి రాజకుమారి గారు నారాయణగూడలోని మన గణాంక కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా బాధ్యతలు స్వీకరించారు. చిక్కడపల్లిలో పుట్టి పెరిగి, అక్కడి నుండే కాలినడకన ఆఫీసుకు వచ్చి, అంచెలంచెలుగా ఎదిగి, ఈ నెలాఖరున సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేయనున్న ఆ కర్తవ్యపరాయణురాలిని గురించి నాలుగు మాటలు రాయమని ఈ సన్మాన సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. ఆమె పక్క బల్ల వద్ద ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నవాడిని కనుక కాదనలేకపోయాను. ఉల్లాసంగా రాయమన్నారు. అది మాత్రం నా వల్ల కాలేదు.

మన పని తీరు తెలియని కుటుంబసభ్యుల కోసం ఒక సంగతి చెప్పాలి. పంటల లెక్క అయినా పశువుల లెక్క అయినా మన దగ్గర ఒకరు పైకి చదవాలి, మరొకరు కాగితం మీద చూపు నిలిపి 'సరి' అనాలి. ఆ రెండో గొంతు పలకనిదే ఏ అంకె కూడా గడప దాటదు. కంప్యూటర్లు వచ్చాక తక్కిన విభాగాలు ఈ ఆచారానికి నీళ్లొదిలినా, సీనియర్ అసిస్టెంటు అయిన నాటి నుండి రాజకుమారి గారు దీనిని వ్రతంలా పాటించారు. పై అధికారి తొందరపెడితే, "జర ఆగండి సార్, జోగారావు గారిని సరి అననియ్యండి" అనేవారు. ఆ జోగారావును నేనే. నేను కునికిపాట్లు పడుతూ 'సరి' అన్న రోజున పెన్నుతో బల్ల మీద కొట్టి, మళ్లీ మొదటి నుండి చదివేవారు.

నగరానికి అవతల ఉన్న బుగ్గగుట్ట సంరక్షణ అడవిలో ఏటా చలికాలంలో పౌరులు పాల్గొనే వన్యప్రాణి గణన మొదలైనప్పుడు, మన ఆఫీసు నుండి తొలుత పేరు ఇచ్చింది ఆమే. సూపరింటెండెంటుగా పదోన్నతి పొందిన సంవత్సరం అది. మరుసటి ఏడు మమ్మల్నీ లాక్కెళ్లారు. పొద్దున్నే చిక్కడపల్లి గ్రంథాలయం ముందు వ్యాను ఎక్కడం, అశోక్ నగర్ కోచింగ్ విద్యార్థులు కొందరు పుస్తకాలతో సహా వెనుక సీట్లలో కూలబడటం, ఆమె ఇంటి నుండి తెచ్చిన సర్వపిండి గుట్ట చేరేలోపే మాయం కావడం మా ఉద్యోగ జీవితంలోకెల్లా సంతోషకరమైన జ్ఞాపకాలు. అడవిలోనూ మొదటి ఏడే ఆమె మన పద్ధతిని ప్రతిపాదించారు. జంటలుగా నడవాలి, ఇద్దరూ చూసిన ప్రాణినే లెక్కలో రాయాలి. అటవీ సిబ్బంది మెచ్చి దానిని అందరికీ నియమం చేశారు.

తొలి గణనలోనే ఆమె జంటకు కొండగొర్రె కనబడింది. నాలుగు కొమ్ములుండే చిన్న జింక అది, అలికిడైతే చాలు పొదల్లో కలిసిపోతుంది. ఆ తర్వాత ఏటేటా గుట్ట చుట్టూ వెంచర్ల హద్దురాళ్లు పాతారు, వాగులో కూల్చిన భవనాల చెత్త కుమ్మరించారు. కొండగొర్రె మళ్లీ ఎవరి కంటా పడలేదు. వ్యానులో ఖాళీ సీట్లు పెరిగాయి. కిందటి చలికాలపు గణనకు ముందు, ఈసారి కూడా దాని జాడ లేకపోతే తూర్పు గుట్టను సంరక్షణ నుండి తప్పించి రోడ్డుకు ఇచ్చేస్తారని అటవీ సిబ్బంది మాకు చెప్పారు.

ఆ ఉదయం తూర్పు గుట్ట మా ఇద్దరి వంతుకు వచ్చింది. నా అరికాలిలో తుమ్మముల్లు దిగితే ఓ రాయి మీద కూర్చొని, చెప్పు విప్పి, ముల్లు తీసుకుంటున్నాను. తల ఎత్తేసరికి రాజకుమారి గారు కదలకుండా నిలబడి ఉన్నారు. కళ్ల నిండా నీళ్లు.

"చూసిన్రా?" అన్నారు మెల్లగా.

"ఏమిటండీ?"

"కొండగొర్రె. ఆ బండ మీద ఉండె. నాలుగు కొమ్ములు. గిప్పుడే అటు దిగిపోయింది."

పరుగున వెళ్లి చూశాను. బండ తప్ప ఏమీ లేదు. రాతినేల, అడుగుజాడ పడే చోటు కాదు. ఇద్దరం చాలాసేపు వెతికి, అలసిపోయి కూలబడ్డాం.

"నేనూ చూశానని రాసేద్దామండీ" అన్నాను.

"మీరు చూడలె గద."

"మీ మాట నాకు చాలు. లేకపోతే గుట్ట పోతుంది."

"పోతదని నాకు తెల్వదా?" ఆమె లెక్క కాగితాన్ని తన వైపు లాక్కున్నారు. "చూడకుండ సరి అనొద్దని ఇన్నేండ్ల సంది మీకు నేనే చెప్పిన. ఇయ్యాల నా కోసం అనమంటనా? ఒక్కటి అట్ల రాస్తే, మనం రాసినయన్ని ఎవరు నమ్ముతరు?"

శిబిరంలో అటవీ ఉద్యోగి అడిగినప్పుడు, "నేనొక్కదాన్నే చూసిన" అని చెప్పారు. అతను చిన్నబోయి, "ఒక్కరు చూస్తే లెక్క కాదు మేడం, మీరు చెప్పిన రూలే గదా" అన్నాడు. కొండగొర్రె లేదనే రాసుకున్నాడు.

ఎండలు ముదరకముందే తూర్పు గుట్టకు యంత్రాలు వచ్చాయి. ఆ బండను పేల్చేశారు. ఈ ఏడు గణనకు పిలుపే రాలేదు. ఆమె మొండితనం వల్లే గుట్ట పోయిందని ఆఫీసులో కొందరు అన్నారు. నాకూ కోపం వచ్చింది. అది ఆమె మీదనా, నా కాలి ముల్లు మీదనా, రోడ్డు గీసినవారి మీదనా అన్నది నేటికీ తేల్చుకోలేకున్నాను. ఆమె మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి, తినకుండా అలాగే కూర్చుంటున్నారు. ఒకనాడు, "తప్పు చేసిన్నా జోగారావు గారూ?" అని అడిగారు. ముందు తినమని డబ్బాను ఆమె ముందుకు జరిపాను. సన్మాన సంచికలో ఇటువంటివి రాయరాదని తెలుసు. సేవలను కొనియాడి, శాలువా కప్పి సాగనంపడమే మర్యాద. కానీ మచ్చలేని ఆ సేవకు చివరన దక్కింది ఇదే అయినప్పుడు, దీనిని వదిలేసి ఏమి కొనియాడను?

మన ఆచారం ప్రకారం ఈ వ్యాసాన్ని నిన్న ఆమెకు పైకి చదివి వినిపించాను. కిందటి చలికాలంలో కొండగొర్రెను మేము చూశామని కావాలనే ఒక వాక్యం రాసి ఉంచాను. అక్కడికి రాగానే బల్ల మీద పెన్ను టక్కుమంది.

"మేము కాదు. నేను చూసిన అని రాయండి."

దిద్దాను. అప్పుడు 'సరి' అన్నారు.

శ్రీమతి రాజకుమారి గారికి సంపూర్ణమైన ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు, తరగని కంటిచూపు కలగాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. ఆమె చాలాకాలం ఉండాలి. బుగ్గగుట్ట కొండగొర్రె ఇప్పుడు ఆమె కళ్లలో తప్ప మరెక్కడా లేదు.