ఎర్రరంగు మునిగేదాకా అడిగిన యాగోదా గారు

నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి యాగోదా బెలామరిచ్ గారు 1994 నవంబరు రెండవ తేదీన మన ఆడిట్ కార్యాలయంలో సహాయ పరిశీలకురాలిగా చేరారు. తొలి ఏళ్లలో పురపాలక సంఘాల ఖర్చులను పరిశీలించి, తరువాత నష్టాల్లో ఉన్న కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చే ఆదుకోలు సొమ్మును తనిఖీ చేసే విభాగానికి అధిపతి అయ్యారు. కంపెనీని అడగడంతో మన బాధ్యత తీరదనీ, ఆ సొమ్ముకు చెయ్యెత్తిన శాసనసభ్యులనూ అడగాలనీ వారి దృఢ విశ్వాసం.

నేను ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడాది ద్రాజిత్సా రేవులోని ఓడల కర్మాగారానికి వారి వెంట వెళ్లాను. మా నాన్న అక్కడే వెల్డరు. ఓడ నీటిలోకి దిగితేనే తరువాతి విడత సాయం విడుదలవుతుందన్నది చట్టంలోని షరతు. ఆ సాయం మంజూరు చేసిన శాసనసభా సంఘం అధ్యక్షులు వింకో ద్రుజెటిచ్ గారి భార్య ఓడకు పేరు పెట్టే పేరుతల్లిగా నిలిచి, ఆనవాయితీ ప్రకారం దాని ముక్కుకు సీసా కొట్టి పగలగొట్టారు, ఓడ జారింది, అందరూ చప్పట్లు కొట్టారు. యాగోదా గారు మాత్రం గట్టు మీదే నిలబడిపోయారు.

"రండమ్మా, చేపలు చల్లారిపోతున్నాయి," అన్నారు అధ్యక్షులు.

"వస్తాను సార్. నీళ్లలో మునగాల్సిన అడుగుభాగపు ఎర్రరంగంతా పైకే కనబడుతోంది. ఓడేమైనా ఉపవాసముందా?"

"కొత్తది కదమ్మా, తేలిగ్గానే ఉంటుంది."

"ఇంజను పెట్టారా?"

ఆయన ఫలహారాల బల్ల వైపు చూశారు. మేము ఓడ ఎక్కి చూశాం. ఇంజను గది ఖాళీ. దానికిచ్చిన సొమ్ము ఎప్పుడో ఖర్చయిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న, "మీ మేడమ్ రాసిందంటే మా గేటుకు తాళం పడుతుందే అమ్మాయ్," అన్నారు. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటిదాన్ని నేను. ఆ చదువుకు ఫీజు కట్టింది ఆ గేటే. మరునాడు ఈ మాట యాగోదా గారికి చెప్పాను.

"రాయకపోతే వచ్చే విడత కూడా అటే పోతుంది. అప్పుడు గేటే ఉండదు. మీ నాన్నగారికి నేను చెప్పాననే చెప్పు."

వారి నివేదిక సాయం ఆపమనలేదు. ఓటేసిన సభ్యులు కార్మికుల ఎదుట, ఆ ఓడ పక్కనే కూర్చుని సమాధానం చెప్పాలని కోరింది. పత్రికలు పట్టుబట్టాక ఆ సభ్యులు రాక తప్పలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి యాగోదా గారు ఒకే ప్రశ్న అడిగారు: "ఇంజను ఉందో లేదో చూసే ఓటేశారా?" అధ్యక్షులు ఆ వారమే పదవి వదులుకున్నారు. ఇంజను వచ్చింది, ఓడ కదిలింది, కర్మాగారం సగం మందితో నిలిచింది. ఆ సగంలో మా నాన్న లేరు. అయినా వీధిలో యాగోదా గారు ఎదురైతే నాన్న ఈనాటికీ టోపీ తీసి పలకరిస్తారు. ఆ ఉద్యోగం ప్రస్తావన మాత్రం ఇద్దరూ తేరు.

నేడు ఏ కంపెనీకి సాయం మంజూరైనా, ఓటేసిన వారు ఏటా అక్కడికి వచ్చి జవాబు చెప్పడం నియమమైంది. యాగోదా గారు మనకు అప్పగించి వెళుతున్నది ఇదే.

ఇకపై ప్రతి ఉదయం రేవు గట్టున తీరిగ్గా కాఫీ తాగే అవకాశం యాగోదా గారికి కలుగుతుంది. వారి కళ్లెదుట వెళ్లే ప్రతి ఓడా ఎర్రరంగు మునిగేంత నిండుగా వెళ్లాలనీ, అలా వెళ్లని నాడు లేచి అడగడానికి వారికి చక్కని ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు ఉండాలనీ మా విభాగం తరఫున, మా నాన్నగారి తరఫున కోరుకుంటున్నాను.